మా ఆవిడ హ్యాండ్‌బ్యాగుతో సికింద్రాబాద్

నర్సాపురం

మగవాడి చేతిలో ఏం ఉండొచ్చో, ఏం ఉండకూడదో మా నర్సాపురంలో ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. గొడుగు ఉండొచ్చు. చేపల సంచి ఉండొచ్చు. బట్టల కొట్టువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరును, దాని మీద నగలు పెట్టుకున్న పెళ్ళికూతురి బొమ్మ ఉన్నా సరే, మడిచి చంకలో పెట్టుకుని ఊరంతా తిరగొచ్చు. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు మాత్రం కూడదు. భార్య చెప్పుల షాపులో చెప్పులు వేసుకుని చూసుకునే రెండు నిమిషాలు పట్టుకోవచ్చు. అప్పుడు కూడా అది తనది కాదని పదిమందికీ తెలిసేట్టు, ఒంటికి దూరంగా, చచ్చిన ఎలుకను తోకతో పట్టుకున్నట్టు పట్టుకోవాలి.

నేను అక్కడ ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. పేరు జయరాజు, వయసు యాభై రెండు. నిరుడు షుగర్ ముదిరి ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇన్సులిన్ పెన్ను, సూదులు, రక్తం చూసుకునే మిషను, గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు, నీళ్ళ సీసా ఎప్పుడూ దగ్గరుండాలని డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్ళు జేబుల్లో కుక్కుకున్నాను. నడుస్తుంటే లోపల గిన్నెలు కదిలినట్టు చప్పుడయ్యేది. తర్వాత ప్లాస్టిక్ కవరు పట్టాను. ఒకరోజు ఉదయం ప్రార్థన జరుగుతుండగా ఆ కవరు అడుగు ఊడి, మిషను మెట్ల మీంచి దొర్లుకుంటూ ఏడో తరగతి వరుస దాకా పోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ సుగుణ తన హ్యాండ్‌బ్యాగు మంచం మీద బోర్లించి ఖాళీ చేసింది. ముదురు మెరూన్ రంగు, భుజానికి వేసుకునే పొడుగు పట్టీ, ముందు బంగారు రంగు బకిలు.

"ఇందులో ఎనిమిది అరలున్నాయి. ఏది ఎక్కడుందో దీనికి గుర్తుంటుంది, మీకుండదు. పట్టుకెళ్ళండి," అంది.

పట్టుకెళ్ళాను. స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం మాస్టారూ, ఇవాళ మేడంగారి బదులు మీరొచ్చారా?" అన్నాడు. అందరూ నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా దేవదానం గుర్తొచ్చాడు.

ముప్ఫై ఏళ్ళ కిందట రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు దేవదానం, నేను ఒకే హాస్టల్లో ఉండేవాళ్ళం. అతను రోజూ క్లాసుకి భుజాన ఒక గోధుమ రంగు హ్యాండ్‌బ్యాగు వేసుకుని వచ్చేవాడు. ఒకరోజు నేను నల్లబల్ల మీద అతనికి చీర కట్టి, భుజాన ఆ బ్యాగు వేసి, బొమ్మ గీశాను. కింద 'దొరసాని' అని రాశాను. ఏడాదంతా అతనికి అదే పేరు. మూడో నెలలో అతను హాస్టల్ వదిలేసి ఎక్కడో ఊరిచివర గది తీసుకున్నాడు. చివరి పరీక్షయ్యాక మళ్ళీ కనబడలేదు.

ఇదంతా సుగుణకి చెప్పాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. "ఆయనెక్కడున్నాడో కనుక్కుని వెళ్ళి అడగండి," అంది ఆవిడ. ఏమని అడగాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత క్లాసువాళ్ళ ఫోన్ గ్రూపులో వాకబు చేస్తే దేవదానం సికింద్రాబాద్‌లో, రాంగోపాల్‌పేట్‌లో ఉంటున్నాడని, ఒక స్కూల్లో లెక్కలు చెప్తున్నాడని తెలిసింది. అడ్రసు దొరికింది. ఫోన్ చేసే ధైర్యం మాత్రం రాలేదు. మూడు రోజులు సెలవు పెట్టి బయలుదేరాను.

రైల్లో

నా ఎదుటి సీట్లో పాలకొల్లు పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. నేను బ్యాగును పక్క సీటు మీద పెట్టి, బట్టల సంచి కింద తోశాను. ఆవిడ బ్యాగు వైపు చూసి కాళ్ళు పక్కకి జరుపుకుని చోటిచ్చారు. స్టీలు డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కజ్జికాయలు. వాసన నా దాకా వచ్చింది.

"అమ్మాయిని రానివ్వండి, కలిసి తిందాం," అన్నారు.

ఏ అమ్మాయో నాకు అర్థం కాలేదు. మొహమాటానికి తల ఊపాను. భీమవరం దాటింది. ఆవిడ డబ్బా మూత తీయలేదు, బాత్రూమ్ వైపు చూస్తున్నారు.

"ఇంతసేపాండీ? తలుపు గడియ పడిపోయిందేమో. వెళ్ళి కొట్టి చూడనా?" అని లేచి నిలబడ్డారు.

అప్పుడు వెలిగింది నాకు. "మా ఆవిడ రాలేదండి. ఇంటి దగ్గరుంది. ఈ బ్యాగు నేను తెచ్చుకున్నదే," అన్నాను.

ఆవిడ మెల్లగా కూర్చున్నారు. "దెబ్బలాడుకుని దిగిపోయిందా?"

"లేదండి. నాకు షుగరు. మందులు పెట్టుకోవడానికి ఇచ్చింది."

"షుగరా," అన్నారావిడ. ఆ ఒక్క మాటతో డబ్బా మూత మీద గట్టిగా నొక్కి, సంచిలో అడుగున పెట్టేశారు. "అయితే మీ ముందు తినకూడదండి, పాపం." నా పరువు పోతే పోయింది, కజ్జికాయ కూడా పోయింది. ఆవిడ కూడా తినలేదు. సికింద్రాబాద్ దాకా మేమిద్దరం మర్యాదగా ఆకలితో కూర్చున్నాం.

బోయిగూడ

స్టేషన్‌కి మా తోడల్లుడు ప్రకాశ్ బండేసుకుని వచ్చాడు. మా మరదలు సునీతను చేసుకుని పాతికేళ్ళుగా బోయిగూడలో ఉంటున్నాడు. పుట్టింది తణుకులోనే అయినా ఇప్పుడు అతని మాటలో తణుకు వెతికినా దొరకదు. ఛాతీ మీద అడ్డంగా ఒక చిన్న నల్ల బ్యాగు, పసిపిల్లను కట్టుకున్నట్టు కట్టుకున్నాడు.

"అన్నయ్యా, బ్యాగు మంచిగుంది," అన్నాడు నన్ను చూడగానే.

నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. బండి స్టార్ట్ చేస్తున్నాడు.

బోయిగూడ సందుల్లోకి వచ్చాక నా కళ్ళు మనుషుల మొహాల మీద నిలవలేదు, భుజాల మీదే తిరిగాయి. ఏసీలు బాగుచేసే మనిషి భుజాన పనిముట్ల బ్యాగు, ఒకవైపు ఒరిగి నడుస్తున్నాడు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒక యువకుడికి వెనక ఒక బ్యాగు, ముందు ఇంకో బ్యాగు; రెండింటి మధ్యా మనిషి పుస్తకంలో పెట్టిన నెమలీకలా ఉన్నాడు. పాల ప్యాకెట్ల కోసం వచ్చిన పెద్దాయన లుంగీ మీద కూడా భుజానికి చిన్న తోలు సంచి తగిలించుకున్నాడు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. మా ఊళ్ళో అయితే ఈపాటికి ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టేసి ఉందుము.

ఇంటికెళ్ళాక, "నీ బ్యాగులో ఏముంటుంది ప్రకాశ్?" అని అడిగాను.

అతను సంతోషంగా జిప్పు లాగి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. బండి కాగితాలు, చార్జరు, దువ్వెన, తాళాల గుత్తి, మడత గొడుగు, మడిచిన గుడ్డ సంచి. ఆ గుడ్డ సంచిలో మడిచిన ఇంకో గుడ్డ సంచి.

"రెండెందుకు?"

"ఒకటి కూరగాయలకు, ఒకటి కోడికూరకు. సునీత ఎప్పుడు ఏం తెమ్మంటదో తెల్వదు గద."

"అన్నీ ఉంటాయి బావగారూ," అంది సునీత వంటింట్లోంచి. "నేను తెమ్మన్న సామాను తప్ప."

మధ్యాహ్నం ప్రకాశ్ నన్ను ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాడు. మా వైపు టీ గాజు గ్లాసులో వస్తుంది, నిలబడి తాగేసి పోతాం. ఇక్కడ కప్పు, సాసరు, పాలరాతి బల్ల, ఒక్క టీకి గంటసేపు కూర్చున్నా లెమ్మనే వాళ్ళు లేరు. చక్కెర లేకుండా ఇమ్మని కౌంటరు దగ్గర అడిగాను. అక్కడున్నాయన జాలిగా చూసి, "షక్కర్ లేకుంటే గది చాయ్ కాదు సార్, దవా," అన్నాడు, మందు అన్నట్టు. ఒక ఉస్మానియా బిస్కెట్టు సగం తిని, మిగతా సగం ప్రకాశ్‌కి ఇచ్చాను. నోట్లో పెట్టగానే కరిగిపోయింది, ఉప్పా తీపా తేల్చుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ సగం కోసమైనా మళ్ళీ ఈ ఊరు రావచ్చు.

మోండా మార్కెట్

మర్నాడు శనివారం. మధ్యాహ్నం దేవదానం ఇంటికి వెళ్ళాలనుకున్నాను. అంతకుముందే మోండా మార్కెట్ దగ్గర ఒక మగవాళ్ళ బ్యాగు కొనుక్కోవాలని నా ఆలోచన. ఆడవాళ్ళ బ్యాగుతో అతని ముందు నిలబడితే మళ్ళీ వెక్కిరించడానికి వచ్చానని అనుకుంటాడేమోనని ప్రకాశ్‌కి చెప్పాను. అసలు కారణం సిగ్గు.

ఏడింటికి ఇన్సులిన్ వేసుకున్నాను. ఉప్మా అవుతోంది, తిని వెళ్ళమని సునీత అంది. మార్కెట్ దగ్గర టిఫిన్ చేస్తానని చెప్పి బయటపడ్డాను. ఇన్సులిన్ వేసుకున్న మనిషి అరగంటలో తినాలి. ఇది నాకు డాక్టరమ్మ చెప్పింది, సుగుణ చెప్పింది, ఆ బ్యాగులో ఒక అరలో కాగితం మీద రాసి కూడా ఉంది.

మార్కెట్ అంచున పొద్దున్నే తెరిచిన బ్యాగుల కొట్టు కనబడింది. కొట్టాయన నా వయసువాడే. "మగవాళ్ళ బ్యాగు చూపించండి," అన్నాను. ఆయన రెండు బ్యాగులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. మిగతాదంతా అచ్చం ఒకటే.

"గిది లేడీస్. గిది జెంట్స్."

"తేడా ఏంటండీ?"

"కలర్ సార్."

"ధర?"

"లేడీస్ నాలుగొందల యాభై. జెంట్స్ ఆరొందలు."

"నలుపు రంగుకి నూట యాభయ్యా?"

"కలర్‌కు కాదు సార్. జెంట్స్ బేరం చేయరు."

ఆయన నిజాయతీ నాకు నచ్చింది. ఇంకొన్ని చూపించమన్నాను. నలుపులో నాలుగు, బూడిద రంగులో మూడు దించాడు. ప్రతిదాని అరలూ లెక్కపెట్టాను, ఎనిమిది ఉన్నది ఒక్కటీ దొరకలేదు. ఎంతసేపయిందో తెలియలేదు. ఒక బ్యాగు జిప్పు లాగబోతే చేతికి దొరకలేదు. మళ్ళీ లాగాను, వేళ్ళు వణుకుతున్నాయి. కొట్టాయన ఏదో చెప్తున్నాడు, మాట దూరం నుంచి వినబడుతోంది. మెడ వెనక చల్లటి చెమట పట్టింది. ఎక్కడైనా కూర్చుని బిస్కెట్టు తినాలని మాత్రం తెలుస్తోంది. మళ్ళీ వస్తానన్నాననుకుంటాను, బయటికి నడిచాను.

సరిగ్గా అప్పుడే కూరగాయల వరుసలోంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. "నా బ్యాగు. ఇప్పుడే ఇక్కడే పెట్టిన. నా బ్యాగు ఏమాయె?"

జనం అటు చూశారు. తర్వాత అటూ ఇటూ చూశారు. మార్కెట్ మధ్యలో నేను నిలబడి ఉన్నాను. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, చేతులు వణుకుతున్నాయి, భుజాన మెరూన్ రంగు ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు.

"అగో, ఆ సార్ దగ్గరుంది," అన్నారెవరో.

బస్తాలు మోసే ఒక హమాలీ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏంది సార్? గీ బ్యాగు ఎవరిది?"

'మా ఆవిడది' అని చెప్పాలనుకున్నాను. నాలుక మొద్దుబారిపోయింది. మొదటి అక్షరం బయటికి రాలేదు.

"ఆవిడది," అన్నాను.

"చూసిన్రా, ఆమెదే అని ఒప్పుకుంటుండు," అన్నాడు హమాలీ చుట్టూ ఉన్నవాళ్ళతో.

మళ్ళీ ప్రయత్నించాను. "ఆవిడది... ఆవిడదే."

గుంపు పెరిగింది. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. యాభై రెండేళ్ళు నేను దాచుకున్న పరువంతా ఆ ఫోన్‌లోకి పోతోందని తెలుస్తోంది గానీ దాన్ని పట్టించుకునే ఓపిక లేదు. హమాలీ చేతి మీదే ఒరిగాను.

పక్కనే నిమ్మకాయలు, కొత్తిమీర పోసుకుని కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది. అందరూ యాదమ్మా అని పిలుస్తున్నారు. నా మొహంలోకి వంగి చూసింది.

"జెర ఆగుండ్రి. దొంగయితే ఉరుకుతడు గని గిట్ల వణుక్కుంట నిలవడతడా? కూసోవెట్టుండ్రి ముందుగాల."

నన్ను ఒక ఖాళీ టమాటాల పెట్టె మీద కూర్చోబెట్టారు. యాదమ్మ నా ఒళ్ళోంచి బ్యాగు తీసుకుని బకిలు విప్పింది. మొదటి అరలోనే మిషను చేతికొచ్చింది.

"ఏందీ, గిది షుగరోళ్ళ మిషిన్ గద. మా ఇంట్ల సుత ఉంది. అయ్యో, గీయనకు షుగర్ పడిపోయింది. ఓ నర్సింగూ, అరటిపండు తే."

గ్లూకోజ్ పొడి ప్యాకెట్టు కూడా ఆవిడే వెతికి, పంటితో చింపి, "నోరు తెరువు బిడ్డా," అంది. తెరిచాను. పొడి నాలుక మీద పడింది. తర్వాత అరటిపండు, ఆ తర్వాత నా బిస్కెట్లే రెండు. కొత్తిమీర వాసన చేతులతో ఆవిడ తినిపిస్తుంటే నేను చిన్నపిల్లాడిలా నమిలాను.

నేను నములుతుండగానే బ్యాగు పోయినామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నా బ్యాగు వైపు ఒక్కసారి చూసింది.

"ఇదా? నాది గింత పాతది కాదు," అని వెళ్ళిపోయింది. ఆమె బ్యాగు కొబ్బరికాయల దుకాణం దగ్గరే మర్చిపోయిందట, తర్వాత తెలిసింది. జనం కూడా విడిపోయారు. వీడియో తీస్తున్న మనిషి నిరాశగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

పావుగంటకి చుట్టూ ఉన్న రంగులు మళ్ళీ తమ చోట్లకి వచ్చాయి. నా మాట నాకు వినబడింది. "మా ఆవిడది," అన్నాను. ఇప్పుడు అవసరం లేకపోయినా పూర్తిగా చెప్పాలనిపించింది.

హమాలీ తల గోక్కున్నాడు. "మాఫ్ చేయి సార్. పరేషాన్ల పట్టుకున్న."

"నువ్వు పట్టుకోకపోతే కింద పడేవాణ్ణి," అన్నాను. అది నిజం కూడా.

యాదమ్మ తన చోటికి వెళ్ళి కూర్చుని నిమ్మకాయలు సర్దుకుంటూ చెప్పింది. "మా ఆయనకు సుత షుగరే. సంచి వట్టుకో, అండ్ల నాలుగు బిస్కెట్లు వెట్టుకో అంటే, ఆడిదానిలెక్క సంచి వట్టుకుంటనా అనేటోడు. ఒకపారి బస్‌ల కెళ్ళి దిగుతుంటే గిట్లనే కండ్లు తిరిగి పడ్డడు. ముంగట పండ్లు రెండు ఊడినయ్. అప్పటిసంది నా పూల సంచి మెడకేసుకొని తిరుగుతుండు. ఎవ్వరేమన్నా నోరు తెరువడు. తెరిస్తే పండ్లు లేనిది కనవడతది గద."

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. అరటిపండుకి డబ్బులివ్వబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "పండు నాది గాదు, నర్సింగుది. ఆనికియ్యి."

ఇచ్చాను. పక్క హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. బ్యాగుల కొట్టు దారిలోనే ఉంది, అందులో అడుగు పెట్టలేదు.

రాంగోపాల్‌పేట్

దేవదానం ఇల్లు పాత మేడలో రెండో అంతస్తు. మెట్లు నిటారుగా ఉన్నాయి. పొద్దున్న జరిగినదానికి కాళ్ళలో ఇంకా నీరసం పోలేదు, మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాను. అక్కడి నుంచి తిరిగి వెళ్ళిపోవచ్చు కూడా అనిపించింది. పైన ఎవరో తలుపు తీశారు.

జుట్టు నెరిసింది, కాస్త లావయ్యాడు. అయినా అతనే. నా మొహం కంటే ముందు నా భుజాన్ని చూశాడు. ఆ చూపు బ్యాగు మీద కొంచెంసేపు ఆగింది.

"జయరాజు," అన్నాడు. ప్రశ్నలా అనలేదు.

"అవును."

"రా. చెప్పులు అక్కడ విడువు."

ముందుగదిలో అతని భార్య కరుణ బఠాణీలు ఒలుస్తోంది. పరిచయం చేశాడు. "రాజమండ్రిలో నా క్లాసు," అని మాత్రమే చెప్పాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి మళ్ళీ బఠాణీల ముందు కూర్చుంది. గోడకి నాలుగు మేకులు, నాలుగు బ్యాగులు. మగవాళ్ళవో ఆడవాళ్ళవో చెప్పలేను. నాలుగూ అందంగా ఉన్నాయి.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఎండల గురించి మాట్లాడాను. రైలు గురించి మాట్లాడాను. అతను వింటున్నాడు. చివరికి, "ఆ బొమ్మ గుర్తుందా?" అని అడిగాను.

"ఉంది," అన్నాడు. "బాగా వేశావు. చీర కుచ్చిళ్ళు సరిగ్గా వచ్చాయి. నా చెప్పు తెగితే తీగ కట్టుకున్నాను, దాన్ని కూడా వదల్లేదు నువ్వు."

నేను గోడ మీది బ్యాగుల వైపు చూశాను.

"దాన్ని ఎవరు చెరిపారో తెలుసా?"

"తెలియదు."

"నేనే. లెక్చరర్ వచ్చేలోపు లేచి డస్టర్ తీసుకున్నాను. కింద అంతా చెరిపాను గానీ పైన తల భాగం అందలేదు. ఎవరైనా వచ్చి సాయం చేస్తారేమోనని వెనక్కి చూశాను. క్లాసులో నువ్వే పొడుగు. నిన్నే చూశాను."

నాకు బొమ్మ గుర్తుంది. నవ్వులు గుర్తున్నాయి. అతను నా వైపు తిరిగి చూసిన సంగతి మాత్రం ఎంత వెతికినా నా జ్ఞాపకంలో లేదు. అతను ముప్ఫై ఏళ్ళు మోసినది నాలో ఒక గీతంత కూడా మిగల్లేదు. అన్నిటికంటే అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

"తప్పు చేశాను దేవదానం. ఆ మాట చెప్పడానికే వచ్చాను. నన్ను క్షమించు."

కరుణ చేతిలో బఠాణీ కాయ ఆగిపోయింది. బయట ఎవరో పాత సామాన్లు కొంటామని అరుచుకుంటూ పోతున్నారు, ఆ కేక సందు చివరిదాకా పోయింది.

"కోపం ఎప్పుడో పోయింది," అన్నాడు దేవదానం. "బాధ పోయిందో లేదో నాకే తెలియదు. ఇంతకాలం ఎవరూ అడగలేదు కదా, చూసుకోలేదు. చూసుకుని చెప్తాను. ముందు టీ తాగు."

కరుణ టీ తెచ్చింది. నేను చక్కెర వద్దన్నాను. ఎందుకని అడిగితే షుగరు సంగతి, బ్యాగు సంగతి, పొద్దున్న మోండా మార్కెట్‌లో జరిగిందీ చెప్పాను. "ఆవిడది, ఆవిడదే" అన్నానని చెప్పేసరికి కరుణ నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. దేవదానం కూడా నవ్వాడు. అతను నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారేమో.

ధైర్యం వచ్చి అడిగాను. "నువ్వు ఆ రోజుల్లో బ్యాగు ఎందుకు పట్టుకునేవాడివి? నీకేదైనా ఆరోగ్యం..."

"ఏమీ లేదు. రాజమండ్రి బజార్లో వేలాడుతుంటే చూశాను. నచ్చింది. కొనుక్కున్నాను."

"అంతేనా?"

"అంతే. నీకు నీలం చొక్కా ఇష్టం కదా, ఎప్పుడూ అదే వేసుకునేవాడివి. ఎందుకని నిన్నెవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు.

అతను నా బ్యాగు ఒళ్ళోకి తీసుకుని తిప్పి చూశాడు. పట్టీ మొదట్లో కుట్టు వదులవుతోందని చూపించాడు. బకిలు మీద వేలితో రాసి చూశాడు. తర్వాత మామూలుగానే అడిగాడు. "రేపు నీ షుగర్ తగ్గిపోయి మందులక్కర్లేదంటే, దీన్ని మానేస్తావా?"

టీ తాగుతున్నట్టు కప్పు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కప్పులో టీ ఎప్పుడో అయిపోయింది. అతను చూశాడు, ఇంక రెట్టించలేదు.

కరుణే ఆదుకుంది. "నాకైతే హ్యాండ్‌బ్యాగే లేదండీ. పెళ్ళైనప్పటి నుంచి నా కళ్ళజోడు, నా చిల్లర, నా బస్ పాస్ అన్నీ ఈయన బ్యాగులోనే. పెళ్ళిళ్ళకి వెళ్తే ఆడవాళ్ళందరూ భుజాలు నొప్పంటారు. నేను హాయిగా చేతులూపుకుంటూ నడుస్తాను."

"బరువంతా నాది, సుఖమంతా ఆవిడది," అన్నాడు దేవదానం. కానీ ఆ అనడంలో ఫిర్యాదు లేదు.

మెట్ల దాకా వచ్చి, "రేపు ఆదివారం కదా. మా చర్చికి వస్తావా?" అని అడిగాడు. నా రైలు సాయంత్రం. వస్తానన్నాను.

ఆదివారం

మా వైపు లాగే వాళ్ళ చర్చిలో కూడా ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. తేడా ఏమిటంటే, మా దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక నిలబడతారు, ఇక్కడ ముందు వరుసకి నడిచి వచ్చి కూర్చున్నవాళ్ళని జరగమంటారు. కరుణ అటు వెళ్ళింది, నిజంగానే చేతులూపుకుంటూ. దేవదానం, నేను మగవాళ్ళ వైపు మూడో బల్ల మీద కూర్చున్నాం. అతను ఆ రోజు తేనెరంగు తోలు బ్యాగు తెచ్చాడు. మెత్తగా ఉంది, ఎండ పడిన చోట మెరుస్తోంది.

రెండో పాట అయ్యాక బైబిలు వాక్యం చదవడానికి అతన్ని పిలిచారు. లేస్తూ బ్యాగు నా పక్కన పెట్టి, "చూస్తుండు," అన్నాడు. ముందుకెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. లెక్కల మాస్టారి గొంతు, ప్రతి మాట విడివిడిగా, తొందర లేకుండా వస్తోంది.

అప్పుడే ఒక పెద్దాయన, తెల్ల చొక్కా, చేతికర్ర, బల్ల చివర వచ్చి నిలబడ్డాడు. బల్ల మీద నా పక్కనున్న రెండు బ్యాగులనీ చూసి, వంగి మెల్లగా అన్నాడు.

"ఆడోళ్ళ బ్యాగులు గిటు వెట్టిన్రేంది సార్? ఆడోళ్ళు అటు దిక్కు గద కూసునేది."

"ఆడవాళ్ళవి కాదండి," అన్నాను. "ఇది నాది. అది, అదిగో, చదువుతున్నాడు చూడండి, మా స్నేహితుడిది."

ఆ మాట అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. రెండు బ్యాగులూ ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, జరిగి చోటిచ్చాను. పెద్దాయన కూర్చున్నాడు, కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. కాసేపు వాక్యం విన్నాడు. తర్వాత నెమ్మదిగా చెయ్యి చాపి తేనెరంగు తోలును రెండు వేళ్ళతో తడిమి చూశాడు.

"తోలు మంచిగుంది," అన్నాడు. "ఏడ కొన్నడు?"

"తెలియదండి," అన్నాను. "రానివ్వండి, అడిగి చెప్తాను."